అమెరికా వెళ్తే మొదటి వారం పక్క సీట్లోనే కూర్చోండి

మణవాళనగర్ చుట్టుపక్కల మన తెలుగు ఇళ్ళలో అమెరికా ప్రయాణం ఇప్పుడు మామూలైపోయింది. కొడుకు దగ్గరికో, కూతురి కాన్పుకో వెళ్తారు. పచ్చళ్ళ గురించి పది ఫోన్లు చేస్తారు గానీ డ్రైవింగ్ సంగతికొస్తే ఒక్కటే మాట: "తిరుత్తణి రోడ్డులో నడిపినవాళ్ళకి అక్కడేం కష్టం?" ఈ మాట నేను ఒప్పుకోను.

ముందు కాగితాల సంగతి. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ బయల్దేరకముందే ఇక్కడి ఆర్‌టీఓ ఆఫీసు ద్వారా తీసుకోవాలి. ఏడాదికి మించి చెల్లదు. అది మన లైసెన్సుకు తోడు మాత్రమే, రెండూ దగ్గరుండాలి. కాలిఫోర్నియాలో చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు సొంత దేశపు లైసెన్సుతోనే నడపొచ్చు. కానీ రాష్ట్రానికో రూలు. పిల్లల కారు ఇన్సూరెన్సు మీకు వర్తిస్తుందో లేదో కూడా అడగండి.

అసలు చిక్కు వేరే ఉంది. నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు నేర్చుకునేటప్పుడు పూర్తిగా వేరుగా ఉన్న అక్షరాలు సులువుగానే వచ్చాయి. కన్నడలాగే ఉండి కాస్త తేడా ఉన్నవే తడబెట్టాయి. రోడ్డు కూడా అంతే. కుడివైపు నడపాలన్నది అందరికీ గుర్తుంటుంది. ఒకేలా కనబడేవే మోసం చేస్తాయి.

ఇక్కడ ఎదుటి బండి హెడ్‌లైటు కొడితే "నేనొస్తున్నా, ఆగు" అని. అక్కడ చాలామంది కొట్టేది "మీరు వెళ్ళండి" అని. స్టాప్ బోర్డు దగ్గర రోడ్డు ఖాళీగా ఉన్నా చక్రం పూర్తిగా ఆగాలి. నాలుగువైపులా స్టాప్ ఉంటే ముందొచ్చినవాళ్ళు ముందు, ఒకేసారి వస్తే కుడిపక్కవాళ్ళు ముందు. ఎర్రలైటులో పూర్తిగా ఆగి, చూసుకుని కుడికి తిరగడం చాలాచోట్ల కుదురుతుంది. న్యూయార్క్ నగరంలో మాత్రం బోర్డు పెట్టి ఒప్పుకున్నచోటే. పోలీసు ఆపితే ఇక్కడ దిగి మాట్లాడతాం. అక్కడ దిగకూడదు, చేతులు స్టీరింగ్ మీదే ఉంచాలి.

అన్నిటికన్నా ముఖ్యం పసుపు స్కూలు బస్సు. అది ఎర్రలైట్లు వెలిగించి ఆగితే, రెండు లేన్ల రోడ్డులో ఎదురుగా వచ్చేవాళ్ళూ ఆగాల్సిందే. మనకేమో ఆగిన బస్సును దాటిపోవడం రోజూ అలవాటు. అక్కడ ఆ బస్సు ముందునుంచి ఆరేళ్ళ పిల్ల రోడ్డు దాటుతూ ఉండొచ్చు.

సాఫ్ట్‌వేర్ టెస్టింగులో ఒకచోట పాసైనదాన్ని ఇంకోచోట మళ్ళీ పరీక్షించకుండా వదలం. ముప్పై ఏళ్ళ డ్రైవింగుకూ అదే న్యాయం. మొదటి వారం పక్క సీట్లో కూర్చుని గమనించండి. తర్వాత ఖాళీ వీధుల్లో నడిపి చూడండి. పిల్లలూ, నాన్న వద్దంటే బలవంతపెట్టకండి. పెద్దవాళ్ళూ, మీరూ పౌరుషానికి పోయి తాళం అడక్కండి.