షిఫ్టుకో న్యాయం, బడికో న్యాయమా?

మెరిట్! మెరిట్! ఈ మాట వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. బాసర ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో సర్కారు బడి పిల్లలకు 0.4 కలిపితే మెరిట్ చచ్చిపోయిందని శోకాలు పెట్టినవాళ్లను ఒక్కటే అడుగుతున్నాం. 2019 నుంచి జేఈఈ మెయిన్‌లో మీ పిల్లలకు జరుగుతున్నదేమిటి?

ఒక షిఫ్టులో పేపరు కష్టంగా వస్తది, ఇంకో షిఫ్టులో సులువుగా వస్తది. అందుకే ఉత్త మార్కులు పక్కనపెట్టి, ఏ షిఫ్టు వాళ్లను ఆ షిఫ్టులోనే పోల్చి పర్సెంటైల్ కడుతున్నారు. 300కు 150 వచ్చినవాడు ఇంకో షిఫ్టులో 170 వచ్చినవాని సరసన నిలబడవచ్చు. దీనికి నార్మలైజేషన్ అని పేరు. మెరిట్ పోయిందని ఒక్కరూ ధర్నా చేయలేదు. న్యాయమే, మేమూ కాదనం. దశాంశం తర్వాత ఏడంకెల దాకా లెక్క! మూడు గంటల పేపరులో తేడాకే ఇంత తూకం!

మరి పదేండ్ల చదువులో తేడాకో? మేము చదివిన బడిలో లెక్కల సారు పోస్టు రెండేండ్లు ఖాళీ. పీఈటీ సారే త్రికోణమితి బోర్డు మీద రాసి "చూసి రాసుకోండ్రి" అనేవాడు. (పాపం, ఆయనను తప్పు పట్టం.) మాది కష్టమైన షిఫ్టా, సులువైన షిఫ్టా?

ఆ 0.4 పేరు డిప్రివేషన్ స్కోరు. పల్లె పిల్లల కోసమని 2008లో పెట్టిన చదువుల సంస్థ అది. పదో తరగతికి గ్రేడ్లున్న ఏండ్లలో 9.5 తెచ్చుకున్న జెడ్పీ హైస్కూలు పిల్ల, కలిపినంక కూడా 9.9 దగ్గరే ఆగేది. 10కి 10 వచ్చిన ప్రైవేటు పిల్లగాడే ముందు. ఆమెకు 9.7 వస్తేనే అతన్ని దాటేది. అంటే ఆరు సబ్జెక్టుల్లో రెండింట ఒక్కో పాయింటు తగ్గితే మాఫీ, అంతే. దీనికా ఇంత లొల్లి?

ఉద్యోగ మిత్రులారా, కోచింగ్ ఫీజులు కట్టే తాహతు మీకిప్పుడు వచ్చింది, సంతోషం. మీలో చాలామంది ఆ బడుల నుంచి వచ్చినవాళ్లే కదా!

మేమడిగేది చిన్నది. షిఫ్టుకు చేసిందే బడికీ చేయండి. ఏ పిల్లనైనా ఆమె బడిలో, ఆమె తోటివాళ్లలో ఎక్కడున్నదో చూసి, దాన్నీ సీట్ల లెక్కలో కలపండి. కుదరదంటారా? అయితే పర్సెంటైల్ ఎత్తేసి ఉత్త మార్కులకే ర్యాంకులివ్వాలని ముందు మీరే జెండా పట్టుకొని రోడ్డు మీదికి రండి. చూస్తాం.