నారింజవాగు గట్టున వృక్షారోపణము

తొలకరి కురిసిన పిమ్మట మన బాలబాలికలు పలుగు పారలు చేతబట్టి నారింజవాగు వైపు బయలుదేరుట చూడ ముచ్చటగనే యుండును. ఉపాధ్యాయులు వెంట నడతురు. గుంతలు త్రవ్వబడును, మొక్కలు నాటబడును, ఛాయాచిత్రము తీయబడును, ఫలహారములు పంచబడును. మధ్యాహ్నమునకు ఎల్లరును గృహములకు మరలుదురు. నేనును అట్లు పోయి వచ్చినవాడనే. అయితే వేసవిలో ఒకనాటి సాయంకాలము ఆ గట్టుననే నడచుచు, మేము నాటిన మొక్కలేమైనవో యని వెదకితిని. బ్రతికినవి చేతివ్రేళ్లతో లెక్కింపదగినన్ని మాత్రమే యుండెను. తక్కిన గుంతలలో ఎండిన పుల్లలును, వానికి కట్టిన ఊతకర్రలును మిగిలియుండెను. ఊతకర్రలు మాత్రము చక్కగా నిలిచియున్నవి!

ఈ తప్పులో నాకును పాలు కలదు గనుక, ఇతరులను నిందించుటకు గాక, రాబోవు వానకాలమున మనమేమి చేయవలయునో చెప్పుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. నా అభిప్రాయ మిది: ఐదువందల మొక్కలు నాటుట మానుదము. అరువది నాటుదము. అవి ఏటి యొడ్డున పుట్టి పెరుగు జాతులవే కావలయును. వానిని మూడు వేసవులు కాపాడుదము.

మన వాగు చిన్నదే గాని దాని ప్రయాణము వింతయైనది. కొత్తూరు వద్ద ఆనకట్ట నింపి, పడమటగా పారి, కర్ణాటకమునందలి బీదరు మండలము ప్రవేశించి, తుదకు మంజీరలో కలియును. ఆ మంజీర మరల మన తెలంగాణమునకే తిరిగివచ్చి సింగూరు జలాశయమును చేరును. అక్కడి నీటిని హైదరాబాదు పురజనులు త్రాగుదురు. ఇల్లు విడిచి పొరుగూరు చుట్టి పెరటిత్రోవను ఇంటికి వచ్చిన బిడ్డవలె నున్నది గదా! నీటితోపాటు మన్నును పోవును. చెట్టు లేని గట్టును ప్రతి వరదయు కొంత కోయును. కోసిన మన్ను దిగువ నెక్కడనో ఒకచోట పేరుకొనక తప్పదు. అదే మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరము దాదాపు 30 టి.ఎం.సి.ల నీరు పట్టునట్లు కట్టబడినది. పూడిక చేరుటవలన నేడు అందు 18 టి.ఎం.సి.లైనను పట్టవు. ఆ పూడికలో ఎవరి పొలపు మన్ను ఎంతయో ఎవరు చెప్పగలరు?

ఇక ఏ చెట్లు? ఇచ్చట మనము తరచుగా పొరబడుచున్నాము. ఉచితముగా దొరకినది, త్వరగా పచ్చగా కనబడునది మనకు ముద్దు. త్వరపడి తెచ్చిన చెట్ల కథ తెలుగునేలకు క్రొత్తది కాదు. 1877 ప్రాంతమున వంటచెరకు కొఱకు జమైకానుండి విత్తనములు తెప్పించి కడప మండలమున కమలాపురము వద్ద నాటిన చెట్టే నేడు మనము సర్కారు తుమ్మ యనునది. అది ఎన్ని చెరువుల గర్భములను, ఎన్ని వాగుల గట్టులను ఆక్రమించినదో మీరే చూచుచున్నారు. మొన్నమొన్నటి వరకు వీధుల నడుమ విరివిగా నాటిన కోనోకార్పసును గుజరాతు ప్రభుత్వము 2023లో నిషేధించెను. పరదేశపు చెట్లన్నియు చెడ్డవని నా వాదము కాదు. మనమెంతో ప్రీతితో భుజించు చింతపండునిచ్చు చెట్టు సైతము ఆఫ్రికా ఖండమునుండి ఏనాడో వచ్చినదే యని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగినప్పుడు నూటయేబదిమంది దాని కొమ్మలెక్కి ప్రాణములు దక్కించుకొన్న చింతచెట్టు హైదరాబాదున అఫ్జల్‌గంజు వద్ద ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములో కలదు. కాని చింతను పరీక్షించుటకు మనకు వేల సంవత్సరములు దొరకినవి; కోనోకార్పసునకు ఇరువది యేండ్లైనను ఇవ్వలేదు.

ఏటి చెట్లను గూర్చి పుస్తకములకంటె పేర్లే మంచి ఉపాధ్యాయులు. ఏరుమద్ది యన్న పేరులోనే ఏరున్నది. ఏరుమద్ది, నేరేడు, మేడి, కానుగ, ఇవి వరదనీట కొన్నాళ్లు కాళ్లు మునిగినను చావవు. వీనికి ముందుగా, నీటి యంచున, వావిలియు వట్టివేరును నాటవలయును. వావిలాకును మేకలు ముట్టవు గనుక అది తనకు తానే కంచె. చింత, వేప, రావి వంటివి నిలువనీటికి ఓర్వజాలవు. వానిని గట్టుపై మెరకనేలలో నుంచుదము. మేము మునుపు వేపను నీటియంచున నాటి, అది కుళ్లిపోగా వేపను నిందించితిమి.

ఈ సంగతులు తెలిసినవారు మనకు దూరమున లేరు. మన పట్టణమును ఆనుకొనియున్న పస్తాపురమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో నెలకొల్పబడినది. ఆ సంస్థ తోడ్పాటుతో ఈ ప్రాంతపు గ్రామములలో పేద స్త్రీలు, వారిలో పెక్కుమంది దళితులు, సంఘములుగా కూడి బీడునేలలను సాగునకు దెచ్చిరి, అడవులు పెంచిరి. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమానము లభించినది. వారిలో చిక్కపల్లి అనసూయమ్మగారు ఇరువదిరెండు గ్రామములలో ఇరువది లక్షలకు పైగా మొక్కలు నాటించి పెంచినందులకు 2018వ సంవత్సరపు నారీశక్తి పురస్కారమును రాష్ట్రపతి చేతులమీదుగా అందుకొనిరి. అంత పెద్ద సంఖ్య చెప్పి, అరువది చాలునని నేననుట విరుద్ధముగా తోచవచ్చును. కాని ఆ స్త్రీలు ఒక ఉదయము పోయి నాటి వచ్చినవారు కారు. ఆ నేలల చుట్టుపట్ల గ్రామములలోనే బ్రతుకుచు ఏండ్ల తరబడి కాచినవారు. మనకు సెలవుదినములు, పరీక్షలు, బదిలీలు కలవు. మన శక్తికి తగినంతయే మనము పూనవలయును.

తల్లిదండ్రులు కొందరు, “వేసవి సెలవులలో పిల్లలు ఊళ్లకు పోవుదురు, నీళ్లెవరు పోయుదురు?” అని అడిగిరి. అత్యంత న్యాయమైన ప్రశ్న. మొక్క చచ్చునది ఏప్రిలు, మే మాసములలోనే. బడి మూతపడునదియు అప్పుడే. కావున ఒక్కొక్క తరగతికి పండ్రెండు చెట్ల చొప్పున ఆరవ తరగతి మొదలు పదవ తరగతివరకు పంచవలయునని నా మనవి. ఆరవ తరగతిలో నాటిన బాలుడు పదవ తరగతి దాటులోపల తన చెట్టు నీడన నిలువగలడు. సెలవులలో వాగు సమీపమున నివసించు పిల్లలు వారమునకు రెండుమార్లు నీళ్లు పోయుదురు. అందులకు రెండు పీపాలును ఒక బండియు మిషను పెద్దలు దయచేయింతురని ఆశించుచున్నాను.

మరియొక మాట. ఆ గట్టు మనది కాదు. మేకలు గొఱ్ఱెలు కాచుకొను కుటుంబములు తరతరములుగా మందలను అచ్చట నీటికి తోలుచున్నవి. ఒకప్పుడు ఒకానొక సంఘమువారు వారినడుగకయే దారికడ్డముగా కంచె వేయగా, ఒక్క రాత్రిలో కంచెయు మొక్కలును మాయమైనవి. ఎవరు తీసిరో ఎవరును అడుగలేదు; నేనైతే వారిని తప్పుపట్టజాలను. ముందుగా వారియొద్దకు పోయి, మందకు దారి ఎక్కడ విడువవలయునో అడిగి, ఆ దారి విడిచి నాటిన యెడల వారే మనకు కావలివారగుదురు. ఈ రాయబారమునకు పదవ తరగతి బాలురకంటె వారి అమ్మమ్మలు తగినవారని నా నమ్మకము.

హరితహారము 2015లో ఆరంభమైనది మొదలు నాటిన మొక్కల లెక్కలు ఏటేట విన్నాము. మన పాఠశాల బోర్డుపై మాత్రము నాటినవాని సంఖ్య వ్రాయవలదు. ప్రతి జూను మొదటి వారమున బ్రతికియున్నవాని సంఖ్య వ్రాయుదము. అది చిన్నదైనను సరే, సిగ్గుపడుటకు సిద్ధముగా నుందము.

ఖమ్మము ప్రాంతపు రెడ్డిపల్లె వాసి, 2017లో పద్మశ్రీ బిరుదమందిన దరిపల్లి రామయ్యగారు 2025 ఏప్రిలులో పరమపదించిరి. ఆయన జేబులలో ఎల్లప్పుడు విత్తనములుండెడివట. మనకును డబ్బుతో కొన్న మొక్కలు అవసరము లేదు. నేరేడు గింజ ఎండినచో కొలదిదినములలోనే మొలకెత్తు శక్తిని కోల్పోవును. కాని ఆ పండు దొరకునది సరిగా తొలకరి నాళ్లలోనే. కావున విద్యార్థులారా, ఈసారి సంతలో నేరేడుపండ్లు కనబడగనే కొనుడు, తినుడు, గింజలను ఉమ్మివేయక కడిగి తడిగుడ్డలో చుట్టి మరునాడే నాకు తెచ్చి యిండు. మన్ను నింపిన సంచులు సైన్సు గది వెనుక వరండాలో సిద్ధముగా నున్నవి.