తీగ ఎక్కాలి... దడి నిలవాలి!

ఇల్లు పూర్తయ్యేసరికే చేతిలో డబ్బులు అయిపోయాయి. ముందువైపు ప్రహరీ లేచింది గానీ పక్కింటివైపు నాలుగు ఇనుప పైపులు పాతి, వెదురు బద్దలతో గళ్లుగళ్లుగా దడి కట్టించి సరిపెట్టారు. దాని నిండా ఏదో ఒక తీగ పాకిస్తే మరుగుకు మరుగు, అందానికి అందం! ఈ ఆలోచనతో నర్సరీకి వెళ్లేవాళ్లలో చాలామంది విరగబూసిన కాగితపు పూల మొక్క దగ్గరే ఆగిపోతారు. తెచ్చి నాటేస్తారు. రెండేళ్లు చూడముచ్చటగానే ఉంటుంది. ఆ తర్వాత ఏ వానాకాలంలోనో ఈదురుగాలికి మొక్కా, దడీ కలిసి పక్కింటివాళ్ల స్కూటరు మీద పడతాయి.

తప్పు మొక్కది కాదు. బోగన్‌విలియా అసలు తీగే కాదు, ముళ్లతో పక్కవాటిని పట్టుకుని పైకి ఎగబాకే పొద. కాండం ఏటేటా లావెక్కి కట్టెలా తయారవుతుంది. ఇటుక గోడకో, ఇనుప కమానుకో అయితే సరే, వెదురు దడికి మాత్రం వద్దు.

అందుకే రంగు చూడకముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇది ఎలా ఎక్కుతుంది? శంఖుపుష్పం, చిక్కుడు లాంటివి కాండంతోనే ఆసరా చుట్టూ మెలికలు తిరుగుతాయి. వాటికి నిలువు బద్దలు కావాలి. దొండ, కాకర, రాఖీ పువ్వు అని పిల్లలు పిలుచుకునే కృష్ణకమలం నులితీగలతో పట్టుకుంటాయి. ఆ నులితీగలు లావుపాటి పైపును చుట్టలేవు. దడికి అడ్డంగా సన్నని తీగో, పురికొసో లాగి కట్టకపోతే అవి నేలమీదే పొర్లుతుంటాయి. మనీప్లాంటు కణుపుల దగ్గర వేర్లు వేసి అతుక్కుంటుంది. నీడ తప్ప ఎండ పడని మూలకి అదే దిక్కు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి శంఖుపుష్పాన్ని మించింది లేదు. గింజల్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టి నాటితే త్వరగా మొలుస్తాయి. రెండు నెలలు తిరక్కుండానే పూత మొదలవుతుంది. బరువు ఉండదు. పైగా చిక్కుడు కుటుంబానిదే కాబట్టి వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాల్లోని నత్రజనిని తీసుకుంటుంది. ఎరువు కోసం పెద్దగా పేచీ పెట్టదు. నీలం పూలని వేడినీళ్లలో వేసి, ఆ నీళ్లలో నిమ్మరసం పిండి చూడండి... నీలం కాస్తా ఊదారంగులోకి మారిపోతుంది. సెలవు రోజున పిల్లల్ని దడి దగ్గరికి రప్పించడానికి ఇంతకన్నా ఏం కావాలి!

రాధామనోహరం కథ వేరు. సాయంత్రం తెల్లగా విచ్చుకున్న పువ్వు మర్నాటికి గులాబీరంగులోకి, ఆపైన ఎరుపులోకి తిరుగుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపించేది అందుకే. చీకటి పడ్డాక వాసన గుప్పుమంటుంది, దాంతో రాత్రిపూట తిరిగే చిమ్మటలు వాలతాయి. రంగు ముదిరాక పగటివేళ తేనెటీగల వంతు. ఇంత అందగత్తెనీ కాస్త కనిపెట్టుకునే ఉండాలి. వేళ్ల నుంచి పిలకలు తన్నుకుంటూ దూరదూరంగా మొలుచుకొస్తుంది. ఏటా పూత అయిపోగానే కత్తిరించే ఓపిక, గట్టి పైపులు... రెండూ ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

తలలో పెట్టుకోవడానికి పూలు కావాలంటే జాజి, సన్నజాజి ఉండనే ఉన్నాయి. ఇవి కొత్త చిగుళ్ల మీదే పూస్తాయి కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో నిర్దయగా కత్తిరించాలి. చాలా ఇళ్లలో ‘మా జాజి పూయడం లేద’ని వాపోవడానికి కారణం కత్తెర పట్టడానికి మనసొప్పకపోవడమే. దడిని కప్పడానికి మాత్రం ఇవి టైము తీసుకుంటాయి. మొదటి ఏడాది బోసిగా ఉండకుండా పక్కనే నాలుగు కాశీరత్నం గింజలు చల్లితే సరి. ఈకల్లాంటి ఆకులు, ఎర్రటి చుక్కల్లాంటి పూలు. గింజలు రాలి మళ్లీ అవే మొలుస్తాయి.

పసుపు పూల అల్లమంద ఎండకి బాగా తట్టుకుంటుంది గానీ తుంచితే కారే పాలు ఒంటికి తగిలితే దురద పెట్టొచ్చు. కడుపులోకి వెళ్తే హాని. పాకే పిల్లలున్న ఇంట్లో కొన్నాళ్లు వాయిదా వేయడమే మంచిది.

పూలే ఎందుకు, కూర వస్తే చాలనుకుంటే జూన్, జులైలలో చిక్కుడు పెట్టండి. చలి మొదలయ్యాక పూత దిగుతుంది. రథసప్తమికి రథం చేయడానికి కాయలు దడి మీదే దొరుకుతాయి. పేనుబంక పట్టినప్పుడు నీళ్లు గట్టిగా చిమ్మి కడగాలి. కాస్త నీడ ఉన్నచోట తీగబచ్చలి నిశ్చింతగా అల్లుకుంటుంది.

ఏది నాటినా దడికి ఆనించకుండా అడుగు దూరంలో గుంత తీయండి. తీగ ఎదుగుతుంటే నిటారుగా వదిలేయకుండా అడ్డంగా వంచి కడితే పక్క కొమ్మలు ఎక్కువ వచ్చి కిందినుంచే కప్పుకుంటుంది. లేదంటే పైన పందిరి, కింద పుల్లలు!

ఇంకో సంగతి. పూలు వెలుతురువైపే తిరుగుతాయి. దడి మీ స్థలానికి దక్షిణంగా ఉందంటే పూతలో ఎక్కువ భాగం పక్కింటివాళ్లకే కనిపిస్తుంది. కోసుకోవాలన్నా, కత్తిరించాలన్నా వాళ్ల వాకిట్లోకి వెళ్లక తప్పదు. నాటే ముందే పక్కింటి పిన్నిగారి చెవిన ఓ మాట వేసి ఉంచండి.