ఫోన్ పోయిందంటే ముందు తిట్టకండి

మొన్న శివరాత్రికి మహబూబాబాద్‌లో ఉండే మా చెల్లెలు కురవి జాతరకు వెళ్లింది. తోపులాటలో సంచిలోంచి ఫోన్ పోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోనే మర్చిపోయానని భర్తతో అబద్ధమాడింది.

ఆయన ఆ నంబరుకు చేసిన కాల్స్ వల్ల ఆయన నంబరు దొంగకు తెలిసినట్టుంది. రాత్రి ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఆయన ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "మీ ఫోన్ దొరికింది, ఎక్కడుందో చూడటానికి లింక్ నొక్కండి" అని. ఆయనకు తెలియకముందే ఫోన్ తెచ్చుకోవచ్చని చెల్లెలు సంబరపడింది. అందులో అడిగినట్టే జీమెయిల్ పాస్‌వర్డ్, స్క్రీన్ లాక్ నంబరు కొట్టేసింది.

గ్యాలరీలో ఏటీఎం కార్డు ఫోటో ఉంది. సిమ్ ఇంకా పనిచేస్తోంది. ఓటీపీ దొంగ చేతికే వెళ్తుంది. యూపీఐ పిన్ మార్చుకోవడానికి వాడికింకేం కావాలి? తెల్లారేసరికి సంఘం కిస్తీకి దాచుకున్న 22 వేలు పోయాయి.

"ముందే ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"మీ మరిది అరుస్తడని భయమైంది అక్కా" అంది.

భూపాలపల్లిలో ఉండే మా ఆడబిడ్డ ఫోన్ కూడా నిరుడు సంతలో పోయింది. అక్కడే పక్కావిడ ఫోన్ అడిగి భర్తకు చెప్పింది. ఆయన "సరే, ముందు సిమ్ ఆపిద్దాం" అన్నాడు. అంతే. ఆమె డబ్బు పైసా పోలేదు. కొన్ని నెలలకు పోలీసులు పిలిచి ఫోన్ కూడా ఇచ్చారు.

ఇద్దరిలో తెలివి తేడా ఏమీ లేదు. తేడా అంతా ఇంట్లో ఉంది. మనం భయంతో దాచిన ప్రతి గంటా దొంగకు కలిసొచ్చేదే.

"తిట్టకపోతే జాగ్రత్త ఎట్లొస్తది?" అంటారు మా అత్తమ్మ. మావారు జనగామ బస్టాండులో రెండుసార్లు ఫోన్ పోగొట్టుకున్నారు. ఆయన్నెవరూ తిట్టలేదు. ఆడవాళ్ల దగ్గరే జాగ్రత్త గుర్తొస్తుందా?

ఫోన్ పోతే ముందు వేరే ఫోన్ నుంచి సిమ్ ఆపించాలి. బ్యాంకుకు చెప్పి యూపీఐ, కార్డు ఆపించాలి. జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, పోయిన ఫోన్‌ని ఖాతాలోంచి తీసేయాలి. డబ్బు పోతే క్షణం ఆగకుండా 1930కి చేయాలి. చెల్లెలు ఆలస్యంగా చేసినా ఆరు వేలు ఆగాయి.

తర్వాత పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, సంచార్ సాథీలోని సీఈఐఆర్‌లో ఫోన్‌ని బ్లాక్ చేయించాలి. దేశమంతటికీ ఇది 2023 మేలో వచ్చింది. బ్లాక్ చేశాక ఏ కంపెనీ సిమ్ వేసినా ఆ ఫోన్ పనిచేయదు. ఎవరైనా వేసి చూస్తే ఆ సమాచారం పోలీసులకు చేరుతుంది. దీనికి ఐఎంఈఐ నంబరు కావాలి. *#06# కొడితే కనిపిస్తుంది. మా ఇంట్లో అందరివీ క్యాలెండర్ వెనక రాసిపెట్టాను. గ్యాలరీలోని కార్డు ఫోటోలు తీసేశాను.

ఇంకో మాట గుర్తుంచుకోండి. పోయిన ఫోన్ తిరిగివ్వడానికి ఎవరికీ మన పాస్‌వర్డ్‌తో పని ఉండదు. అడిగారంటే వాళ్లు దొంగలే.

ఈ రాత్రి అన్నాలప్పుడు మీ ఆయనకు, అత్తగారికి, పిల్లలకు ఒక మాట చెప్పండి. "ఫోన్ పోతే ముందు నాకు చెప్పండి, తిట్టను" అని. మిమ్మల్ని కూడా తిట్టబోమని వాళ్లతో అనిపించుకోండి.