కేసులు లెక్కపెట్టి జడ్జిని ఇస్తామంటే ఏజెన్సీకి ఎప్పటికి వస్తారు?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఏ ఊళ్లో కోర్టు పెట్టాలి, ఎంతమంది జడ్జిలను ఇవ్వాలి అన్నది ఎవరు తేలుస్తారు? మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1972 సివిల్ కోర్టుల చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం హైకోర్టుతో సంప్రదించి తేలుస్తుంది. కింది కోర్టుల మీద అజమాయిషీ రాజ్యాంగం 235వ ఆర్టికల్ ప్రకారం హైకోర్టుది.

కొత్త కోర్టు అడిగితే ముందు చూసేది కేసుల సంఖ్య. 1989 అట్రాసిటీ చట్టం 14వ సెక్షనే చూడండి. ప్రత్యేక కోర్టులు పెట్టాలంటుంది. కేసులు తక్కువగా నమోదైన జిల్లాలో మాత్రం ఉన్న సెషన్స్ కోర్టునే ప్రత్యేక కోర్టుగా చూపిస్తే చాలంటుంది.

మన దగ్గర కేసులు తక్కువంటే అన్యాయం తక్కువనా? కాదు. కొండ దిగి, బస్సెక్కి, ఒక రోజు కూలి పోగొట్టుకుని వెళ్తే వాయిదా పడుతుంది. రెండోసారి ఎవరు వెళ్తారు? పైగా 1 ఆఫ్ 70 భూమి కేసులు విచారించేది స్పెషల్ డిప్యూటీ కలెక్టర్. అవి కోర్టు లెక్కలోకే రావు. అంటే కోర్టు దూరం కాబట్టి కేసు లేదు, కేసు లేదు కాబట్టి కోర్టు రాదు. ఈ లెక్కలో మనం ఎప్పుడూ ఓడిపోతాం.

కొత్త జిల్లా వచ్చిందని జిల్లా కోర్టు వెంటనే రాదు. తెలంగాణలో కొత్త జిల్లాలు 2016 అక్టోబర్‌లో వస్తే, వాటికి తగ్గట్టు జ్యుడీషియల్ జిల్లాలు 2022 జూన్‌లో వచ్చాయి. అయిదేళ్ల పైనే పట్టింది.

"కేసులు లేని చోట జడ్జి ఖాళీగా కూర్చోవాలా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు 2008 గ్రామ న్యాయాలయాల చట్టంలోనే ఉంది. న్యాయాధికారి ఒక్కచోటే కూర్చోనక్కర్లేదు, ఊళ్లకు వచ్చి విచారణ చేయాలి. ఆ నియామకాల్లో ఎస్టీలకు ప్రాతినిధ్యం ఇవ్వాలని కూడా రాశారు. గిరిజన ప్రాంతాలకు ఈ చట్టం వర్తించదు అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ మినహాయింపు ఈశాన్యంలోని ఆరో షెడ్యూలు ప్రాంతాలకు. మనది అయిదో షెడ్యూలు. కాకపోతే చట్టంలో "పెట్టవచ్చు" అని ఉంది, "పెట్టాలి" అని లేదు. అడగకపోతే రాదు.

కాబట్టి నా మాట ఒక్కటే. జడ్జిలను పంచేటప్పుడు కేసులతో పాటు దూరాన్ని కూడా లెక్కపెట్టాలి. లా చదువుతున్న మన పిల్లలు ఒక్కో మండలం నుంచి కోర్టుకి ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని బస్సులు, ఎంత ఖర్చు అన్నది రాసి పెట్టండి. ఆ కాగితంతో గ్రామసభల్లో తీర్మానం చేయించి, ప్రభుత్వానికీ హైకోర్టుకీ పంపుదాం. మీ మండలం లెక్క కింద కామెంట్‌లో పెట్టండి, మొదలుపెడదాం.