15,000 హెక్టార్ల మాట ఎవరు అడగాలి?

పదోవంతు! మెల్‌బోర్న్ శివార్లలో కొత్త కాలనీలకు దారి తెరుస్తూ విక్టోరియా ప్రభుత్వం 2010లో ఇచ్చిన మాటలో 2020 నాటికి నెరవేరింది అంతే. వెరిబీ అవతల 15,000 హెక్టార్ల పచ్చికబయళ్లను పదేళ్లలో కొని కాపాడతామన్నారు. గడువు తీరిన ఏడాది రాష్ట్ర ఆడిటర్ జనరల్ లెక్క తేలిస్తే చేతికి వచ్చింది పదోవంతే. ఇళ్లు మాత్రం ఒక్కరోజూ ఆగలేదు.

టార్నీట్, ట్రుగనైనా, పాయింట్ కుక్‌లలో ఆ కొత్త ఇళ్లు కొన్న తెలుగు కుటుంబాలు తక్కువేం కాదు. పచ్చికబయళ్లు కొనే డబ్బు లేఅవుట్లు వేసే డెవలపర్లు కట్టే రుసుము నుంచే రావాలి. ఆ రుసుము స్థలం ధరలో కలవకుండా ఎక్కడికి పోతుంది? సొమ్ము ఇచ్చినవాళ్లకు లెక్క అడిగే హక్కుంది.

15,000 హెక్టార్ల మాట ఇచ్చిన ప్రణాళికే వెరిబీ నది, కొరొరాయిట్ క్రీక్, మెర్రి క్రీక్ గట్ల వెంట గ్రోలింగ్ గ్రాస్ ఫ్రాగ్‌కు చోటు చూపించింది. పది సెంటీమీటర్ల దాకా పెరిగే ఈ ఆకుపచ్చ కప్ప జాతీయ చట్టం గుర్తించిన ముప్పు జాబితాలో ఉంది. ఒక్క కుంట మిగిల్చితే అది బతకదు. ఒక కుంట ఎండినా, కైట్రిడ్ అనే బూజు తెగులు సోకినా, పక్క కుంటల నుంచి వచ్చిన కప్పలే మళ్లీ అక్కడ సంతతి నిలుపుతాయి. మధ్యలో రోడ్డు, ప్రహరీ అడ్డుపడితే ఆ రాకపోకలు ఆగిపోతాయి.

వెరిబీ నదిలో ప్లాటిపస్ కూడా ఉంది. 2021లో విక్టోరియా దాన్నీ ముప్పు జాబితాలో చేర్చింది. పారేసిన జుట్టు రబ్బరుబ్యాండు మెడకు చుట్టుకుంటే చాలు, అది ఒరుసుకుని చర్మాన్ని కోసేస్తుంది.

ఇంత జరుగుతుంటే తెలుగు సంఘాలు ఏం చేస్తున్నాయి? బతుకమ్మకు జనం పోటెత్తుతారు. జూలై చివర నేషనల్ ట్రీ డే నాడు క్రీక్ గట్టున మొక్క నాటడానికి ఎందరు వస్తున్నారు? పండుగ ఫొటోలు పేజీలకొద్దీ వేసే పత్రికలకూ ఇందులో బాధ్యత ఉంది.

చేయాల్సినవి కష్టమైనవి కావు. రోడ్డు పక్క డ్రైన్‌లో పడిన నీరు శుద్ధి కేంద్రానికి పోదు, క్రీక్‌లోకే పోతుంది. కాబట్టి కారును వీధిలో సబ్బునీళ్లతో కడగడం మానాలి. అక్వేరియం చేపలను కుంటల్లో వదలకూడదు, గోల్డ్‌ఫిష్ కప్ప గుడ్లనూ తోకకప్పలనూ తినేస్తుంది. పిల్లిని ఇంట్లోనే ఉంచాలి. వినాయకుణ్ణి టబ్బులోనే నిమజ్జనం చేయాలి.

నవంబరు, డిసెంబరు రాత్రుల్లో క్రీక్ దగ్గర దూరాన గేర్లు మార్చే మోటార్‌సైకిల్ లాంటి మూలుగు వినిపిస్తే అది గ్రోలింగ్ గ్రాస్ ఫ్రాగ్ కావచ్చు; దాన్ని ఫోనులో రికార్డు చేసి మెల్‌బోర్న్ వాటర్ వారి ఫ్రాగ్ సెన్సస్ యాప్‌కు పంపాలి. కప్ప ఉందని నమోదైతే ఆ చోటును కాపాడమని గట్టిగా అడగవచ్చు.

అన్నిటికంటే ముందు ఒక ఉత్తరం. ప్రతి తెలుగు సంఘం తన ప్రాంత రాష్ట్ర ఎంపీకి ఈ నెలలోనే రాయాలి: 15,000 హెక్టార్లలో ఇప్పటిదాకా ఎంత కొన్నారు, మిగతాది ఏ ఏడాదికి కొంటారు? జవాబు రాతపూర్వకంగా కావాలని అడగాలి. వచ్చిన జవాబును, రాకపోతే రాలేదన్న సంగతిని, తర్వాతి సభలో సభ్యులందరి ముందు చదవాలి.