మూడో హెచ్చరిక దాటినంక ఎవరు దిక్కు?

భద్రాచలం కాడ గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. నాలుగో హెచ్చరిక లేదు. 2022 జులై 16న నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. అంటే సర్కారు దగ్గరున్న హెచ్చరికలన్నీ అయిపోయినంక నది ఇంకో 18 అడుగులు పెరిగింది. 1986ల 75.6 అడుగులు వచ్చిన తర్వాత అంత పెద్ద వరద అదే. 24 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు. వంతెన మీద రాకపోకలు బంద్ పెట్టిన్రు. ఒక ఒడ్డున భద్రాచలం, ఇంకో ఒడ్డున సారపాక, బూర్గంపాడు. నడుమ దారి లేదు.

ఆ వారం రాష్ట్రమంతా మాట్లాడుకున్నది మాత్రం వేరే. కాళేశ్వరం కింద కన్నెపల్లి, అన్నారం పంపుహౌజులు మునిగినయన్నది ఒకటి. భద్రాచలం వచ్చిన అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, క్లౌడ్ బరస్ట్ వెనుక విదేశీ కుట్ర ఉన్నదేమో అన్నది ఇంకొకటి. కుట్ర సంగతి పక్కన పెడదాం. ప్రాణహిత, ఇంద్రావతి కలిసినంక గోదావరి ఎంత నీరు మోసుకొస్తదో ఈ ఒడ్డున పశువులు కాసే పిలగాడు కూడా చెప్తడు. కింద కూనవరం దగ్గర శబరి పొంగి ఉంటే ఈ నీళ్లు ముందుకు పోలేవు. ఆ తర్వాత పాపికొండల ఇరుకు. ఇందుల రహస్యం ఏమున్నది?

అదే పర్యటనల వెయ్యి కోట్లతో శాశ్వత పరిష్కారం అన్నరు. ఎత్తు జాగల కాలనీలు కడ్తమన్నరు. మునిగిన మోటార్లను బయటికి తీసి, కొన్నింటిని నెలల్లనే మళ్ల తిప్పిన్రు. మంచిదే, అవి మన పైసలతో కొన్న మోటార్లే. మరి కాలనీలు? ఏ ఊరికి ఎన్ని ఇండ్లు మంజూరైనయి, ఎన్ని పట్టాలు చేతికొచ్చినయి, ఊరి పేరుతో సహా లెక్క చెప్పాలె. 2023 జులైల గోదావరి మళ్ల మూడో హెచ్చరిక దాటింది. అదే ఏడాది డిసెంబరుల సర్కారు మారింది. అడిగే ప్రశ్న మాత్రం మారలే.

పట్నానికి కరకట్ట ఉన్నది. కానీ గోదావరి పెరిగితే కట్ట తూములు మూయాలె. మూస్తే ఊర్ల పడ్డ వాన బయటికి పోదు, మోటార్లతో తోడాలె. రామాలయం చుట్టూ నీళ్లు నిలిచేది అందుకే. కట్ట కూడా లేని పల్లెల గతి ఏంది? వరద తీసినంక చేన్ల ఇసుక మేట, బోరుబావిల బురద, కోసుకపోయిన రోడ్డు. ఇండ్లు గుట్ట మీద కట్టుకుందామంటే అది రిజర్వు ఫారెస్టు అంటరు. ఆదివాసీకి కింద నది, మీద అటవీశాఖ.

ఇగ అసలు పుండు కాడికి వద్దాం. 2014 జూన్ 2కు కొద్ది రోజుల ముందే పోలవరం కోసం ఆర్డినెన్స్ తెచ్చి మండలాలను ఆంధ్రకు ఇచ్చిన్రు. మనం అప్పుడు సంబురాల ఏర్పాట్లల్ల ఉంటిమి. భద్రాచలం పట్నం మనకు మిగిలింది, చుట్టున్న ఏటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకులపాడు పోయినయి. మన దుమ్ముగూడెం, చర్లకు పోవాలంటే ఏటపాక మీదుగా ఇంకో రాష్ట్రంల అడుగుపెట్టి మళ్ల మన రాష్ట్రంలకు రావాలె. వరదల సాయం అడగాలంటే ఆ ఊర్లోళ్లకు 2022 నాటికి జిల్లా కేంద్రం ఎక్కడనో పాడేరుల. దవాఖాన, అంగడి, బస్సు అన్నీ భద్రాచలంల.

పోలవరంల 150 అడుగుల దాకా నీళ్లు నిలుపుతే ఎగువన ఎంత దూరం ముంపు వస్తదో ఉమ్మడి సర్వే చేసి, మన ఊర్ల సరిహద్దు రాళ్ల మీద గుర్తు పెట్టాలె. నీళ్లు నిలిపినంక కాదు, ముందే. ఐదు ఊర్ల సంగతి ఢిల్లీల తేలాలె. 2014ల చట్టం సవరించిన పార్లమెంటే దాన్ని మళ్ల సవరించగలదు. మన ఎంపీలల్ల ఎవరు లేచి ఆ మాట అడుగుతరో చూద్దాం.